జట్టులో రెండో పేరు

జూన్ 2, సోమవారం

ఆఫీసు తెరిచాను. ట్రాక్ మీద మళ్ళీ పందులు. రెండో వంపు దగ్గర నేలంతా కుమ్మేశాయి. మా అథ్లెటిక్స్ సంఘం అధ్యక్షుడు కరోటు గారి కొట్టుకి ఫోన్ చేసి కంచె సంగతి మరోసారి గుర్తు చేశాను. "అవి మాత్రం ప్రాక్టీసు చెయ్యొద్దా, కినాయీ" అన్నారు. నవ్వాననుకుంటా.

పై సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. సెప్టెంబరులో ప్రపంచ పోటీలు, ఎక్కడో చలిదేశంలో. మాలాంటి చిన్న దేశాలకి ఎప్పటిలాగే పరిగెత్తడానికి ఒకరు, తోడుగా ఒకరు. టికెట్లు వాళ్ళవే. ఈ నెలలోగా పేర్లు పంపాలి. తబేరా, నూరు మీటర్లు. తోడుగా కోచ్, మా ఆయన ఉరియామ్. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

ఉరియామ్ శనివారం తెల్లవారుజామున తెబానోతో చేపలకి వెళ్ళాడు. ఇంకా రాలేదు. ఇంజను మొరాయించి ఉంటుంది.

సాయంత్రం తబేరాకి స్టార్టులు నేనే చెప్పాను. ఉరియామ్ చేతిలో, స్టార్టుకి కొట్టే ఆ రెండు చెక్కలూ తుపాకీలా మోగుతాయి. నేను కొడితే ఎవరో తలుపు వేసినట్టుంటుంది. "గట్టిగా కొట్టత్తా, నాకు నిద్రొస్తోంది" అంటుంది పిల్ల.

జూన్ 3

వాళ్ళని వెతకడానికి గస్తీ పడవ వెళ్ళింది. గాలి పడమటికి ఉందట.

జూన్ 4, బుధవారం

ఇంటినిండా మనుషులు. మొగలి చాపలు చాలక చర్చి నుంచి మోసుకొచ్చారు. తెబానో భార్య రేయీ నా పక్కనే కూర్చుని పొద్దున్నుంచీ ఏడుస్తోంది. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక సీమపనస చెట్టే అడ్డం. వీపు నిమిరాను. నిమురుతున్నంతసేపూ అందరూ ఆమెని కాకుండా నన్ను చూస్తున్నారు.

అన్నం వండాను. చేప లేదు. డబ్బా మాంసం విప్పాను. కొత్తగా ఇంకొందరు వచ్చారు, మళ్ళీ వండాను.

న్యూజిలాండ్ వాళ్ళ విమానం వెతుకుతోంది. ఒకసారి మా ఇంటి మీదుగానే వెళ్ళింది. పిల్లలందరూ బయటికి పరిగెత్తి చేతులూపారు. తబేరా కూడా పరిగెత్తింది, తర్వాత సిగ్గుపడి లోపలికి వచ్చేసింది.

జూన్ 7

ఏమీ లేదు.

జూన్ 10, మంగళవారం

రేడియోలో చెప్పారు. గాలింపు ప్రస్తుతానికి నిలిపివేశారు. ప్రస్తుతానికి. ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి మా భాషలో చదివాడు. రెండిట్లోనూ ఆ మాట ఉంది.

నీళ్ళ డబ్బాలు తీసుకెళ్ళాడు. పడవలో టార్పాలిన్ ఉంది. వానలు పడుతూనే ఉన్నాయి. చేపకి కరువు లేదు. కొబ్బరికాయలు వేసుకున్నాడో లేదో తెలియదు. నేను నిద్రలో ఉన్నాను, చూడలేదు.

జూన్ 11

ఆఫీసు తెరిచాను. గీతలకి సున్నం అయిపోయింది.

జూన్ 16, సోమవారం

దక్షిణ దీవుల వాళ్ళు ఇద్దరు, నా చిన్నప్పుడు, ఇలాగే కొట్టుకుపోయారు. ఊళ్ళో చర్చి ప్రార్థన అయిపోయింది, బట్టలు పంచేశారు. ఎక్కడో మార్షల్ దీవుల దగ్గర ట్యూనా ఓడ వాడికి దొరికారు. ఒకాయన తిరిగొచ్చి తన చొక్కా బావమరిది ఒంటి మీద చూసి విప్పించుకున్నాడు. ఇది అందరికీ తెలిసిన కథే. ఈ మధ్య ఎవరూ నా ముందు చెప్పడం లేదు.

ట్యూనా ఓడలు నెలల తరబడి రేవుకి రావు. ఫోన్లు అందవు. కరోటు గారేమో ఇప్పుడు అన్ని ఓడల్లోనూ శాటిలైట్ ఫోన్లున్నాయంటారు. ఆయనకి అన్నీ తెలుసు.

జూన్ 20, శుక్రవారం

పేర్లు పంపాను. క్రీడాకారిణి తబేరా. అధికారి, కోచ్, ఉరియామ్. పాస్‌పోర్టు వివరాలు చూడకుండానే రాశాను. ఫోటోలో కాలర్ ఒకవైపు లేచి ఉంది. తీసేటప్పుడు చెప్పాను, వినలేదు.

తబేరా ఇవాళ బాగా పరిగెత్తింది. బొటనవేలు చీరుకుపోయింది, పగడపు ముక్క. ఉప్పునీళ్ళతో కడిగాను. రెండేళ్ళ క్రితం నువాటాబు దీవి నుంచి ఈ పిల్లని ఉరియామ్ తీసుకొచ్చినప్పుడు కాళ్ళకి చెప్పులు కూడా ఉండేవి కావు. అక్కడ కుక్కల్ని తరుముతుంటే చూశాడట. "కుక్కలు ఓడిపోయాయి కినాయీ" అన్నాడు ఇంటికొచ్చి. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. మాకు పిల్లల్లేరు.

జూన్ 26, గురువారం

కరోటు గారు ఆఫీసుకి వచ్చారు. ఎప్పుడూ కొట్టు వదలరు. బిస్కట్ల డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, తనే విప్పి, తనే తినడం మొదలుపెట్టారు.

"ఆ రెండో పేరు సంగతి, కినాయీ."

"పంపేశానండీ."

"పంపావని తెలుసమ్మా. మార్చుకోడానికి జూలై నెలాఖరు దాకా ఇచ్చారుగా."

"మార్చడం దేనికండీ?"

ఆయన బిస్కట్ వంక చూస్తూ మాట్లాడారు. "వాడొస్తే నాకంటే సంతోషించేవాడు ఈ దీవిలో ఉండడు. వాడికి మొదటి స్పైకు బూట్లు కొనిపెట్టింది నేను. కానీ పిల్ల ఒక్కతీ ఎలా వెళ్తుంది చెప్పు. విమానం ఎక్కడమే రాదు. నేను పోదామనుకుంటున్నా. పన్నెండేళ్ళయింది అధ్యక్షుణ్ణయి. ఒక్క పెద్ద స్టేడియంలో మెట్టెక్కి కూర్చున్న పాపాన పోలేదు. కొట్టుకి వచ్చినవాళ్ళు అడుగుతారు, నువ్వు దేనికయ్యా అధ్యక్షుడివి, పందులకా అని."

"ఆయన వచ్చేస్తారు."

"ఎప్పుడమ్మా?"

ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. ఇద్దరం ఫ్యాను వైపు చూశాం. కరెంటు వచ్చాక మాట్లాడుకుందామన్నట్టు ఆయన లేచి వెళ్ళిపోయారు. బిస్కట్లు ఇక్కడే వదిలేశారు.

ఆయన చెడ్డమనిషి కాదు.

జూన్ 27

బిస్కట్లు తిన్నాను. మెత్తబడ్డాయి.

జూలై 5, శనివారం

రేయీ జుట్టు కత్తిరించుకుంది. చెవుల దాకా. పెరట్లో బట్టలుతుకుతుంటే వచ్చింది, గుర్తుపట్టలేదు. తెబానో చొక్కాలు అన్నదమ్ములకి ఇచ్చేసిందట. వల ఎవరికివ్వాలో తెలియక ఉంచిందట.

"అక్కా, పాస్టరు గారిని అడిగాను. ప్రార్థన పెట్టమన్నాను."

"మంచిది."

"ఇద్దరికీ కలిపి పెడతానన్నారు. వేరేగా పెడితే బాగోదన్నారు. నువ్వు ఊ అంటే వచ్చే ఆదివారం."

నేను ఉరియామ్ నిక్కరు పిండుతున్నాను. వాడనివి కూడా ఉతకాలి, లేకపోతే బూజు పడతాయి. రేయీ ఆ నిక్కరు వంక చూసింది, నా వంక చూసింది.

"తొందరేముందే" అన్నాను.

ఆమె సీమపనస చెట్టు కింద నుంచి తన ఇంటికి వెళ్ళిపోయింది. ఏడుస్తూ వెళ్ళలేదు. అది గమనించాను.

జూలై 8

వాన. ఆఫీసు తెరవలేదు.

జూలై 9

వాన. తెరిచాను.

జూలై 12, శనివారం

జాతీయ దినం పోటీలు. మూడు వారాల ముందే మొదలెట్టాల్సిన పని నిన్న ఒక్కరోజులో చేశాను. గీతలకి సున్నం బదులు బడిపిల్లలు తెల్ల ఇసుక మోసి పోశారు. దేశాధ్యక్షుడి ప్రసంగం. బస్తాల పరుగు. ముసలాళ్ళ తాడులాగుడు. ఆడవాళ్ళ నూరు మీటర్లు.

తబేరా పక్కన పరిగెత్తడానికి పోలీసు ఉద్యోగం చేసే ఆడపిల్లలు ముగ్గురొచ్చారు. "మా పోటీ రెండో స్థానానికే" అని నవ్వుకుంటూ నిలబడ్డారు. పిల్ల నేల మీద కాలు ఆనిందో లేదో తెలియలేదు. జనం లేచి నిలబడ్డారు.

మైకు నా చేతిలో ఉంది. ఫలితం చదివాను. "మొదటి స్థానం తబేరా, నువాటాబు. కోచ్ ఉరియామ్."

ప్రతి ఏడూ అలాగే చదువుతాను. నోటికొచ్చిన మాటే.

మైదానంలో చప్పుడు ఆగింది. కొబ్బరినీళ్ళు అమ్మేవాడు కూడా ఆగాడు. అంతమంది నన్నే చూస్తుంటే నేను తర్వాతి పోటీ చదివాను. గుండు విసరడం, మగవాళ్ళు.

జూలై 13, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే దీవుల్ని కలిపే కట్ట రోడ్డు మీద రేయీ నన్ను ఆపింది. పక్కన లారీలు పోతున్నాయి, దుమ్ము. ఆమె అరవాల్సి వచ్చింది. లారీల వల్లేనా, తెలియదు.

"నిన్న మైకులో ఏం చదివావు?"

"అలవాటులో వచ్చింది రేయీ."

"అలవాటా? జనం ఏమంటున్నారో విన్నావా? ఉరియామ్ ఎక్కడో దిగి ఉంటాడు, కినాయికి కబురొచ్చి ఉంటుంది, చెప్పడం లేదంటున్నారు. మరి నా మొగుడేడి? ఒకే పడవలో ఒకడు చచ్చి ఒకడు బతుకుతాడా అక్కా? మీవాడు బతికుంటే మావాడూ బతికుండాలి. అప్పుడు నేను ఈ జుట్టెందుకు కోసుకున్నట్టు? నేనేమైనా పిచ్చిదాన్నా?"

"నువ్వు నీ ప్రార్థన పెట్టించుకో. నేను వద్దన్నానా?"

"ఒక్కడికి పెట్టనంటున్నారు! నీకోసం ఆగమంటున్నారు. నీకు ఆఫీసుంది, ట్రాకుంది, పిల్లుంది. నేను ఆ ఇంట్లో కూర్చుని ఏం చూడాలి? నీ ఇంటి తాడు మీద ఆరేసిన చొక్కాలు చూడాలా? ప్రార్థన అయిపోతే మా అమ్మ దగ్గరికి పోతా. అది అవ్వకుండా ఎలా పోను? ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని సగం విధవనని చెప్పుకోనా?"

మా ఆదివారం బట్టల మీద తెల్లటి దుమ్ము. ఏదో ఒకటి అనాలి. "పిల్లలు తిన్నారా?" అన్నాను.

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పిల్లల్ని రెక్క పట్టి లాక్కుపోయింది.

ఇంటికొచ్చి అన్నం పెట్టాను. మూడు కంచాలు.

జూలై 14

తాడు ఇంటి వెనక్కి మార్చి కట్టాను. అక్కడ ఎండ తగలదు.

జూలై 18

కరోటు గారి ఫోన్. తీయలేదు.

జూలై 22, మంగళవారం

పొద్దున మూడు కంచాలు పెట్టాను. తబేరా రాలేదు. మంచం మీద సంచీ లేదు. స్పైకు బూట్లు మాత్రం గోడవారగా జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. లేసులు లోపలికి దోపి.

నువాటాబు ఓడ మంగళవారం. బస్సు కోసం ఆగకుండా పోలీసుల బండి ఎక్కి రేవుకి వెళ్ళాను.

బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఉంది. పక్కన ఎవరిదో కోడి, కాళ్ళు కట్టేసి. నన్ను చూసి లేవలేదు.

"ఎక్కడికే?"

"ఇంటికి."

"పోటీలు?"

"నేను పోను. నేనొక్కదాన్నీ అంత దూరం పోను. కరోటు తాతతో అసలే పోను. ఆయన కొట్టులో కూర్చునే గురకపెడతాడు."

"మీ మావయ్యతో పోతావు."

అప్పుడు లేచింది. నాకంటే జానెడు ఎత్తు ఈ పిల్ల. ఎప్పుడు అంత పెరిగిందో.

"అత్తా, మావయ్య రాడు. నాకు తెలుసు. ఈ రేవులో అందరికీ తెలుసు. నువ్వు రోజూ ఆ కంచం పెడతావు. నేను దాని పక్కన కూర్చుని తింటాను. నువ్వు తీసి కుక్కకేస్తావు. రేపు మళ్ళీ పెడతావు. నేనేం మాట్లాడాలి? మాట్లాడితే నువ్వు పడిపోతావేమో అని భయం. మాట్లాడకపోతే నాకు పిచ్చెక్కుతోంది. నాకూ ఏడవాలని ఉంది. మీ ఇంట్లో ఏడవడానికి లేదు. ట్రాక్ మీద ఏడుస్తున్నా, పరిగెత్తేటప్పుడు. ఊపిరి చాలట్లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళందరూ కోడి వైపు చూస్తున్నారు.

"ఈ ఓడలో దొడ్డి పనిచెయ్యదు. రెండ్రోజులు ఎలా ఉంటావు?" అన్నాను.

పిల్ల నవ్వింది. నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. చేతుల్లో మొహం పెట్టుకుని, బస్తా మీద కూలబడి, వెక్కి వెక్కి. నేను పక్కన కూర్చున్నాను. ఓడ వెళ్ళిపోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. కోడిని ఎవరో తీసుకుపోయారు.

ఇంటికి వచ్చాం. అన్నం తనే పెట్టింది. రెండు కంచాలు.

జూలై 23

నెట్ రాలేదు.

జూలై 24, గురువారం

నెట్ వచ్చింది.

పేరు మార్చే పేజీ తెరిచాను. పాత పేరు తీసేయాలంటే కారణం చెప్పమంది. గాయం, అనారోగ్యం, సొంత కారణాలు, మరణం, ఇతరం. వీటిలో ఒకటి నొక్కాలి. నొక్కకపోతే ముందుకు పోదు.

బయట తబేరా ఒక్కతే స్టార్టులు చేసుకుంటోంది. నోటితోనే 'టప్' అనుకుంటోంది.

ఇతరం నొక్కాను. ఖాళీ గడి వచ్చింది, వివరించమంది. 'తిరిగి రాలేదు' అని రాశాను. అది ఒప్పుకుంది. కొత్త పేరు అడిగింది. నా పేరు కొట్టాను.

సొంతంగా నేనే నిర్ణయం తీసుకున్నానని కరోటు గారికి చెప్పాలి. కొట్టుకి వెళ్ళాను. ఆయన కిరోసిన్ కొలుస్తున్నారు. చెప్పాను. కొలవడం ఆపలేదు. పక్కింటి పిల్ల సీసా పట్టుకుని వెళ్ళిపోయాక చేతులు తుడుచుకున్నారు.

"నీకు కోచింగ్ ఏం తెలుసమ్మా?"

"ఏమీ తెలియదండీ."

"నాకూ తెలియదులే." కాసేపు గుమ్మం వైపు చూశారు. "నాకు చలి పడదు. పడిశం పడుతుంది." లోపలికి వెళ్ళి పాతబట్టల మూటలోంచి ఒక కోటు లాగి తెచ్చారు. ఎర్రది, మోకాళ్ళ దాకా ఉంది. "ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఈ దీవిలో ఎవరు కొంటారు దీన్ని? తీసుకుపో."

తీసుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ, "మెట్ల మీద నా వంతు కూడా కూర్చో" అన్నారు. నాకు ఏమీ అనిపించలేదు. కోటు బరువుగా ఉందనుకున్నాను.

ఆగస్టు 6, బుధవారం

వీసాకి తబేరా, నేనూ ఫిజీ వచ్చాం. సువాలో ఆఫీసు. వేలిముద్రలు. గాజు వెనక అమ్మాయి, "భర్త పేరు?" అంది. చెప్పాను. "ఉద్యోగం?" కోచ్. తలెత్తకుండా టైపు చేసుకుంది. ఇంకేమీ అడగలేదు.

సువాలో అసలైన ట్రాక్ మీద తబేరా మొదటిసారి పరిగెత్తింది. ఎర్రటిది, రబ్బరులా ఉంటుంది. పిల్ల వంగి అరచేత్తో నొక్కి చూసింది, వాసన చూసింది. "ఇంత మెత్తగా ఉంటే పడుకోవాలనిపిస్తోంది" అంది. అక్కడి కోచ్ ఒకాయన స్టార్టుకి కాళ్ళు ఆన్చే బ్లాకులు ఎంత దూరంలో పెట్టాలో చూపించాడు. డబ్బడిగితే ఏమివ్వాలా అని నేను భయపడుతుంటే, "ఉరియామ్ నాకు తెలుసు. విన్నాను" అన్నాడు. నా చేయి పట్టుకోబోయాడు. నేను సీసాలో నీళ్ళు పట్టుకొస్తానని వెళ్ళిపోయాను.

ఆగస్టు 19

రేయీ కనిపిస్తే పక్కకి తిరుగుతోంది. ఆమె చిన్నకొడుకు మాత్రం రోజూ వచ్చి మా మెట్ల మీద కూర్చుంటాడు. బిస్కట్ ఇస్తాను.

ఆగస్టు 30

సంచీలు సర్దాం. ఉరియామ్ మఫ్లరు పెట్టాను. చలిదేశం. ఒకవేళ, అనుకున్నాను. తర్వాత తీసేశాను. తర్వాత తబేరా కోసమని మళ్ళీ పెట్టాను.

సెప్టెంబరు 10, బుధవారం

వచ్చేశాం. ఎన్ని విమానాలు మారామో గుర్తులేదు. ఒకచోట తబేరా కదిలే మెట్లు చూసి ఆగిపోయింది, వెనక జనం గుంపు కట్టారు. ఒకావిడ చేయి పట్టుకుని ఎక్కించింది.

ఇక్కడ అందరూ పొడుగు. పొద్దున నోట్లోంచి పొగ వస్తోంది. హోటల్లో అన్నం ఉంది కానీ చేప తియ్యగా ఉంది. తబేరా రెండు ముద్దలు తిని, "చేపకి చక్కెర ఎవరేశారు?" అంది గట్టిగా. మా భాష ఎవరికీ రాదు కాబట్టి సరిపోయింది.

మెళ్ళో వేసుకునే కార్డు ఇచ్చారు. నా ఫోటో, కింద 'కోచ్' అని ఉంది. అధికారి అనే రాశాను నేను. మార్చమని అడిగితే ఇప్పుడు కుదరదన్నారు.

సెప్టెంబరు 12

వాన. వేరే దీవుల పిల్లలతో తబేరా కలిసిపోయింది. ఒకరి జడలు ఒకరు వేసుకుంటున్నారు. నేను గదిలో కూర్చున్నాను. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. సముద్రం ఎక్కడా లేదు. ఈ ఊళ్ళో ఎటు నడిచినా సముద్రం రాదట. ఎప్పుడూ అలాంటి చోట ఉండలేదు. బాగా నిద్రపట్టింది.

సెప్టెంబరు 13, శనివారం

పొద్దున తొలి పరుగులు. పెద్ద దేశాల వాళ్ళు వీటిలో ఉండరు, మాలాంటి వాళ్ళే. అయినా జనం నిండిపోయారు. నన్ను వార్మప్ దగ్గర వరకే రానిచ్చారు. ఆ గేటు దాటాక పిల్లలు ఒంటరిగా పోవాలి.

గేటు దగ్గర తబేరా నన్ను చూసింది. పక్కన మిగతా కోచ్‌లు తమ పిల్లల చెవుల్లో ఏవేవో చెబుతున్నారు. భుజాలు తడుతున్నారు. ఉరియామ్ ఏం చెప్పేవాడో నాకు తెలియదు. ఎప్పుడూ దూరం నుంచే చూశాను. వినిపించేది కాదు.

"మావయ్య ఏం చెప్పేవాడే, పరుగుకి ముందు?" అని అడిగాను.

"ఏం చెప్పేవాడు కాదు. ముక్కు చీదుకోమనేవాడు."

"చీదుకో మరి."

చీదుకుంది. వెళ్ళింది.

మెట్లెక్కి కూర్చున్నాను. పెద్ద తెర మీద మా దేశం పేరు, పిల్ల పేరు వచ్చాయి. పేరు తప్పు పలికారు. పిల్ల చెయ్యెత్తింది. మోకాలు వంచింది. అంతమంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు.

బాగానే లేచింది. సగం దాకా నాలుగోదనుకున్నాను. తర్వాత ఇద్దరు దాటారు. ఆరోది. తెర మీద టైము చూసి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మా దేశంలో ఏ ఆడపిల్లా ఇంతవరకు అంత వేగంగా పరిగెత్తలేదు. ఆ సంగతి ఆ స్టేడియం మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. పక్కనున్న అతను ఫోన్ చూసుకుంటున్నాడు.

కిందికి పరిగెత్తాను. విలేకరులు నిలబడే దారి దగ్గర తబేరా కంచె పట్టుకుని ఒగరుస్తోంది. "చూశావా అత్తా? చూశావా?" అంటోంది. చూశానన్నాను. ఒక కుర్రపిల్ల, రికార్డరు పట్టుకుని, చిన్న దేశాల వాళ్ళ కోసం పెట్టినట్టున్నారు, మా దగ్గరికొచ్చింది. నా మెళ్ళో కార్డు చదివింది.

"కోచ్ మీరేనా? మీకెలా ఉంది?"

"నేను కాదు. నేను ఆఫీసు చూసుకుంటాను. కోచ్ నా భర్త."

"ఓ, ఆయన రాలేదా?"

"చనిపోయాడు" అన్నాను. "మే నెలాఖర్న. చేపలకి వెళ్ళి. ఇద్దరూ చనిపోయారు, ఆయనా, ఆయన స్నేహితుడూ."

ఇంగ్లీషులో అన్నాను. ఆ భాషలో ఆ మాట చాలా చిన్నది.

ఆ విలేకరి రికార్డరు దించేసింది. ఏదో అంది, నాకు వినపడలేదు. తబేరా ఒగర్చడం ఆపి నా మణికట్టు పట్టుకుంది. చెమటతో జారుతున్న చెయ్యి. గట్టిగా పట్టుకుంది. నాకు నొప్పి పుట్టింది. వదలమని చెప్పలేదు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని తబేరా బూట్లు విప్పి మడమలకి ప్లాస్టర్ వేశాను. రెండూ బొబ్బలెక్కాయి. ఎర్ర కోటు నాకు కప్పింది పిల్ల. చలి లేదని చెప్పాను. అయినా కప్పింది.

సెప్టెంబరు 14, ఆదివారం

రేయీకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, చర్చి అయిపోయి ఉంటుంది. తీస్తుందనుకోలేదు.

"ఎవరు?"

"నేను, కినాయిని. మేం వచ్చే శనివారానికి ఇంట్లో ఉంటాం. ఆ మర్నాడు ప్రార్థన పెట్టమని పాస్టరు గారితో చెప్పు. ఇద్దరికీ."

అవతల పిల్లల గోల వినిపిస్తోంది.

"అక్కా" అంది. "పిల్ల ఎలా పరిగెత్తింది?"

"ఆరోది. మన దేశంలో ఇదే అన్నిటికంటే మంచి టైము."

"ఆరుగురిలోనా?"

"ఎనిమిది మందిలో."

"అయితే ఇద్దర్ని ఓడించిందన్నమాట." ముక్కు ఎగబీల్చింది. "రేడియోలో చెప్పలేదు, ఈ దరిద్రులు." తర్వాత గొంతు మారింది. "చాపలు నేను సర్దుతా. అన్నం మా వదినలు వండుతారు. నువ్వొచ్చి కూర్చుంటే చాలు. పాటలు అడుగుతారు పాస్టరు గారు. తెబానోకి ఏవి ఇష్టమో నాకు తెలుసు. మీ ఆయనకి ఏ పాట చెప్పమంటావ్?"

ఆలోచించాను. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆయన పాడగా ఎప్పుడూ వినలేదు. చర్చిలో పెదాలు కదిపేవాడు, అంతే. ఒకసారి అడిగితే, నేను పాడితే పక్కవాళ్ళు శ్రుతి తప్పుతారు అన్నాడు.

"ఆయనకి పాటలు రావు రేయీ" అన్నాను. అనగానే ఏడుపొచ్చింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అవతల ఆమె కూడా పెట్టేయలేదు.

"సర్లే అక్కా, ఏడువు" అంది. "నేనున్నా."